నడిమి గడ్డ

కలీం పనిచేసే ఐస్ ఫ్యాక్టరీ ప్రొద్దుటూరు శివారులో ఉంది. చేపల వ్యాపారులకు, సోడా బండ్లకు గడ్డలు అక్కడి నుంచే పోతాయి. ఆ చుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పునీళ్లే. అతని ఇల్లూ ఆ వీధిలోనే. తాగే నీళ్ల ట్యాంకర్ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు.

అంతకుముందు కొన్నేళ్లు గల్ఫ్‌లో ఉన్నాడు. సముద్రపు నీటిని గడ్డ కట్టించి మంచినీళ్లు తీయవచ్చా అని చూసే చిన్న ప్లాంటులో ఊడ్చే పని. చల్లటి రేకు మీద నీళ్లు సన్నగా జారేవి. రేకుకు అద్దం లాంటి పొర అంటుకునేది. మెల్లగా పెరిగితే ఆ పొర ఉప్పును బయటికి నెట్టేసేది. దాన్ని కడిగి కరిగిస్తే తాగే నీళ్లు. ప్లాంటు మూతపడింది, కలీం తిరిగొచ్చాడు.

బోరు నీళ్లు పోసే ఇక్కడి ఫ్యాక్టరీ డబ్బాల్లోనూ జరిగేది అదే. గడ్డ అంచుల నుంచి లోపలికి కట్టుకుంటూ వస్తుంది. ఉప్పు నడిమికి చేరి అక్కడ తెల్లగా మిగులుతుంది. విరిగిన గడ్డలను ఇంటికి పట్టుకుపోనిచ్చేవాడు యజమాని. కలీం వాటిని ఉలితో చీల్చి తేట ముక్కలను బిందెలో వేసేవాడు.

“తెల్లది పారబోయి ఖమ్రూ. అది తాగేది కాదు” అని భార్య ఖమ్రున్నీసాకు చెప్పాడు.

“నీళ్లు పారబోసేదేంది? గల్ఫ్‌కు పోయొచ్చి శానా షేకువైనావే!” అని ఆమె ఎగతాళి చేసింది.

ఖమ్రున్నీసా పుట్టిల్లు తొండూరు. కరెంటు ఎప్పుడొస్తుందా అని రైతుల మోటార్ల దగ్గర బిందె పెట్టుకుని కూర్చుని పెరిగిన మనిషి. తెల్ల గడ్డను ఆమె పారబోయలేదు. వేరే కుండలో కరిగించి, ఆ నీళ్లతో తన ఒక్కదానికే గంజి కాచుకునేది. భర్తకూ కూతురికీ తేట నీళ్లు. ఇట్లా రెండు వేసవులు గడిచాయి.

తర్వాత ఆమె కాళ్లు వాచాయి. ఆసుపత్రిలో డాక్టరు కిడ్నీలు చెడ్డాయని చెప్పి, ఏ నీళ్లు తాగుతారని అడిగాడు.

“మంచి నీళ్లే సార్, నేనే తీస్తా” అన్నాడు కలీం.

“అమ్మీ ఆ నీళ్లు తాగదు అబ్బా. ఆమెకు వేరే కుండ” అని తండ్రితో అంది కూతురు షాహిస్తా.

కలీం భార్య వైపు తిరిగాడు.

“ఏంది అట్లా చూస్తాండావు? గంజిలోకి ఉప్పు ఏసుకునే పని తప్పె గదా” అంది ఖమ్రున్నీసా.

ఆమెకు బీపీ ముందు నుంచే ఉంది. కిడ్నీలు చెడింది ఈ నీళ్ల వల్లేనని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు. ఇప్పుడు ఆమెకు డయాలసిస్ జరుగుతోంది. నీళ్లు కొలిచి తాగాలి. నాలుక ఎండినప్పుడు చిన్న ఐసు ముక్క చప్పరించవచ్చు. ఆ ముక్క కలీం తెస్తాడు, గడ్డ అంచు నుంచి.

మొన్న దాన్ని నోట్లో పెట్టుకుని ఆమె అడిగింది. “నడిమిది ఏం చేసినావు?”

“పారబోసినా.”

“వాకిట్లో ఏపచెట్టుకన్నా పోయకపోతివా.”

“చెట్టు చచ్చిపోతాది” అన్నాడు కలీం.

ఆ మాట అన్నాక అతను మంచం దగ్గర కూర్చోలేకపోయాడు.