నాయిన చెప్పిన జరం

ఈ మధ్య ఒక ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యాక, అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలు తిరగేస్తున్నాను. మా చర్చికే వచ్చే రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఒకాయన వెనక నుంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మళ్ళీ నా పుస్తకంలోని ఆ పేజీ గురించేనని నాకు అర్థమైపోయింది. "ఎంత నిజాయితీగ రాసినవ్ బ్రదర్! గా గుడ్ ఫ్రైడే ముచ్చట సదివి మా ఇంటామె ఒక్కతీర్గ ఏడ్సింది. వచ్చే వారం పాస్టర్ అయ్యగారు నీతోని సాక్ష్యం చెప్పిస్తడంట గదా?" అన్నాడు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. నాకేమో చేతిలో ఉన్న లావుపాటి డిక్షనరీతో నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపించింది. ఇన్ని పేజీల జ్ఞాపకాలు రాసి అచ్చు వేయించాను. అందులో నిజంగా జరిగినవన్నీ జనం ఆవులిస్తూ దాటేశారు. ఏడ్చి, చేతులు పట్టుకుని, నిజాయితీ అని మెచ్చుకునేది ఒక్క పేజీనే. ఆ ఒక్క పేజీ అబద్ధం.

ఆ పేజీలో ఉన్నదిది. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం. సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల మీద చర్చిలో ఏడు ప్రసంగాలు నడుస్తున్నాయి. మా నాయిన తాగొచ్చి గేటు దగ్గర పడిపోతాడు. పదేళ్ళవాణ్ణి నేను, ఆయన చెయ్యి పట్టుకుని, నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న మా కిరాయి ఇంటిదాకా నడిపించుకుపోతాను. అక్కడ ఎవరికైనా గుండె కరుగుతుంది. రాసేటప్పుడు నాకే కరిగింది, అదీ నా సిగ్గులేనితనం.

అసలు మా నాయిన ఏనాడూ చుక్క ముట్టిన మనిషి కాడు. అబిడ్స్ సందులో ఒక ప్రెస్సులో బైండర్. మైదాపిండిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి ఉడికించిన జిగురు వాసనే ఆయన వాసన. శనివారం సాయంత్రం మొజంజాహీ మార్కెట్ నుంచి బాగా పండి కాస్త నలిగిన సీతాఫలాలు తెచ్చేవాడు, నలిగినవే తియ్యగా ఉంటాయని ఆయన సిద్ధాంతం. పుస్తకం కుట్టాక అంచులు కోసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టేవాడు. "సాపుగ రావాల్నని లోపలికి కోస్తె అచ్చరం తెగుతది. వంకరుంటె ఉండనీ" అనేవాడు. ప్రెస్సు యజమాని వంకర అంచులు చూసి తిట్టేవాడు. ఈయన తల వంచుకుని విని, మళ్ళీ వంకరగానే కోసేవాడు.

ఇలాంటి మనిషిని పెట్టుకుని పుస్తకం రాస్తే, చిత్తుప్రతి చదివిన స్నేహితుడు "మీ నాయిన మరీ సప్పగున్నడు భాయ్" అన్నాడు. అతన్ని అని ఏం లాభం? చిన్నప్పటి నుంచీ సాక్ష్యాలు వింటూ పెరిగినవాణ్ణి. మాలో లేచి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందు తాము పడిన గుంట చూపించాలి, తర్వాత దేవుడు పైకి లాగిన సంగతి చెప్పాలి. గుంట ఎంత లోతైతే హల్లెలూయలు అంత గట్టిగా వస్తాయి. ఒక పెద్దాయన మొదటి ఏడాది సాక్ష్యంలో బీడీలు తాగానన్నాడు, నాలుగో ఏడాది సాక్ష్యానికి కత్తి పట్టుకుని తిరిగానన్నాడు. నాకూ ఒక గుంట ఉంది. అది చూపించడానికి సిగ్గేసి, నాయినను అందులోకి దించి, నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

జరిగింది ఇది. అదే గేటు, అదే ఎండ, అదే దారి. తాగి పడ్డది నేను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నాలుగో మాట మీద ప్రసంగం మధ్యలో నాయిన లేచి బయటికొచ్చి, నా చెయ్యి తన భుజం మీద వేసుకుని నడిపించాడు. దారిలో తెలిసినవాళ్ళంతా "ఏమైంది బైండర్ సాబ్?" అని అడుగుతుంటే అందరికీ ఒకటే జవాబు: "పిలగానికి జరమొచ్చింది." నా నోటి కంపు సందు చివరిదాకా కొడుతోంది. జన్మలో అబద్ధమాడని మనిషి, గుడ్ ఫ్రైడే రోజు, అడిగిన ప్రతివాడికీ అదే చెప్పాడు. ఇంటికొచ్చాక నా నుదుటి మీద తడిగుడ్డ వేశాడు. సాయంత్రం "జరం తగ్గిందా?" అని అడిగాడు. తను పోయేదాకా ఆ సంగతి మీద మరో మాట అనలేదు.

పుస్తకం చదివి అక్క హిమాయత్‌నగర్ నుంచి ఫోన్ చేసింది.

"ఏందిరా గిది? నాయిన ఎన్నడు తాగిండు?"

"చదవనీకి బాగుండాలని జర మార్చిన అక్కా."

"పైన నా జ్ఞాపకాలని రాసుకున్నవ్ గదరా. నీ జ్ఞాపకంల నాయిన తాగిండా?" అక్క ఆగకుండా అందుకుంది. "నా మనవరాలు సండే స్కూల్ల లేచి, మా తాగుబోతు ముత్తాత కోసం ప్రార్థన చెయ్యున్రి అన్నదంట. ఆయన లేచొచ్చి కాదనడు గదా, అందుకే ఆయన మీద పెట్టినవ్."

చనిపోయినవాళ్ళ కోసం మాలో ప్రార్థన చేయరు. ఆ సంగతి పిల్లకు తెలీదు, ముత్తాత తాగుబోతని మాత్రం తెలుసు. అక్క ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు, నేను చేస్తే ఎత్తలేదు.

అందుకే ఆ సాక్ష్యానికి ఒప్పుకున్నాను. ఆ ఆదివారం చివరి బెంచీలో అక్క కూర్చుని ఉంది. మైకు పట్టుకుని, తాగింది నేనని, మోసింది నాయినని, పుస్తకంలో తారుమారు చేశానని మొత్తం చెప్పేశాను. ఎవరో "స్తోత్రం" అన్నారు. అయ్యగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "చూసిన్రా! తండ్రి పాపాన్ని తన మీద ఏసుకుంటున్నడు. సిలువ ప్రేమంటె గిదే!" అన్నాడు. ఎన్నడూ రానంత గట్టిగా హల్లెలూయలు వచ్చాయి. "కాదు అయ్యగారూ, నిజంగ నేనే తాగిన" అంటూనే ఉన్నాను. మైకు పాటల బృందం చేతికి పోయింది. రైల్వే ఆయన మళ్ళీ ఏడుస్తున్నాడు. ఇంత విసుగు నాకు జన్మలో రాలేదు. అబద్ధం రాస్తే చెమ్మగిల్లిన కళ్ళే, నిజం చెబితే ఇంకాస్త చెమ్మగిల్లాయి.

గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. అదే గేటు. "నోటితోని చెప్తె ఎవడన్న నమ్మిండా?" అంది. "యాడ రాసినవో గాడనే దిద్దు."

దిద్దుతున్నాను. వంకరగా వస్తే రానీ. ఆ రోజు ఆ గేటు నుంచి నన్ను ఇల్లు చేర్చడానికి నాయినకు పట్టింది పావుగంట. ముప్పై ఏళ్ళు దాటినా, నేనింకా ఆయన్ని ఆ గేటు నుంచి ఇంటికి తీసుకొస్తూనే ఉన్నాను.