నూతిలో అలుగు

నా చిన్నప్పుడు మా వైపు నుయ్యి తవ్వడమంటే ఇసుకను బతిమాలుకోవడమే. కవిటికి తూర్పున, సముద్రానికి దగ్గరలో మా ఊరు. ఎక్కడ తవ్వినా రెండు నిలువుల లోపే నీళ్ళు పడతాయి. కానీ ఆ రెండు నిలువులూ ఒట్టి ఇసుక. కుమ్మరులు కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి దింపితే తప్ప గోడ నిలవదు. ఆ ఏడు మా తాతయ్య కొబ్బరి మొక్కల కోసం కొత్త నుయ్యి తవ్వించాడు. చెమ్మ తగిలేదాకా తవ్వారు గానీ, నీళ్ళ దాకా తవ్వేలోగా దింపాల్సిన ఒరలు రావడం ఆలస్యమైంది. తవ్వినవాళ్ళు గొయ్యి మీద కొబ్బరి మట్టలు పరిచి, ఒరలు దిగేదాకా ఎవరూ అటు పోవద్దని చెప్పి వెళ్ళిపోయారు.

అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. ఆ వేసవిలోనే మా చిన్నాన్నకు పెళ్ళయి, పిన్ని కాపురానికి వచ్చింది. ఆమె పుట్టిల్లు సుమ్మాదేవి దాటి, మందస కొండల కింద ఉన్న ఒక చిన్న పల్లె. ఆమె సముద్రం ఎరగదు. మొదటిసారి తీరానికి తీసుకెళ్ళినప్పుడు, కాళ్ళ దగ్గరికి వచ్చిన అలను చూసి కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని వెనక్కి పరుగెత్తింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అప్పటి నుంచి ఆమెను కొండ పిన్ని అని పిలవడం మొదలుపెట్టాను. ఆమె ఏమీ అనేది కాదు. అసలు మా ఇంట్లో ఆమె గొంతు గట్టిగా విన్నవాళ్ళే లేరు.

ఒకనాడు పొద్దున్న మా అమ్మ నన్నూ పిన్నినీ తోటలో రాలిన మట్టలు ఏరుకురమ్మని పంపింది. ఆమెతో కలిసి నడవడం నాకిష్టం లేదు. ముందుగా పరుగెత్తాను. నూతి వైపు వెళ్ళొద్దని వెనక నుంచి అంటూనే ఉంది. వినిపించుకోలేదు. గొయ్యి మీద పరిచిన మట్టలు ఒక పక్కన లోపలికి జారిపోయి ఉన్నాయి. అడుగు నుంచి గరగరమని గోకుతున్న చప్పుడు వస్తోంది. ఏమిటా అని అంచు దాకా వెళ్ళి వంగి చూశాను.

చేపకు కాళ్ళు మొలిచి నేల మీదికి వచ్చిందనుకున్నాను. ముక్కు నుంచి తోక దాకా ఒంటినిండా పొలుసులు, ఒక్కొక్కటీ నా అరచేయంత. ముందుకాళ్ళకు కొడవళ్ళలా వంగిన గోళ్ళు. ఆ గోళ్ళతో నూతి గోడను తవ్వుతోంది. ఇంకాస్త వంగానో లేదో, నా కాళ్ళ కింద నేల మెత్తగా కదిలింది. అరవడానికి కూడా వ్యవధి లేదు. ఇసుకతో పాటు నేనూ వెళ్ళి అడుగున పడ్డాను.

దెబ్బ తగలలేదు. కానీ నాతో పాటు జారిన ఇసుక వచ్చి నడుము దాకా కప్పేసింది. లేవబోయాను. కాళ్ళు నావి కానట్టు కదలలేదు. చేతులతో గబగబా ఇసుక తోడాను. నేను తోడిన దానికి రెండింతలు పైనుంచి జారింది. ఊపిరి వదిలినప్పుడల్లా పొట్ట చుట్టూ ఇసుక మరికాస్త బిగుసుకుంటోంది. మళ్ళీ పీల్చుకుందామంటే ఆ మేర చోటు ఉండటం లేదు. తలెత్తితే గుండ్రని ఆకాశం, చుట్టూ తడి గోడలు. మూరెడు దూరంలో ఆ జంతువు. నేను పడిన అదురుకు అది ముక్కు కడుపులో దాచుకుని, తోకను పైనుంచి చుట్టుకుని, కొబ్బరికాయల బుట్టంత ఉండలా మారిపోయింది.

పైన పిన్ని ముఖం కనిపించింది. అంచుకు రాకుండా, రెండు మట్టలు అడ్డంగా పరుచుకుని వాటి మీద బోర్లా పడుకుని తల మాత్రం చాపింది. నన్ను చూసి ఆమె ఏడవలేదు, అయ్యో అనలేదు.

"కాలు లాగకు. ఇసక తోడకు. నాను సెప్పింది ఇను," అంది.

"పిన్నీ, అది కరిచేత్తది!"

"దానికి పళ్ళు నేవు. అది అలుగు. మా కొండల్లో సీమలు తిని బతుకుద్ది. భయవేస్తే ముడుసుకుంటాది, భయం తీరితే ఇప్పుకుని మల్లీ తవ్వుతాది. అది గోడ తవ్విందంటే గోడ కూలుద్ది. నీ సెయ్యి దాని ఈపు మీద ఎయ్యి. ఇప్పుకోబోతే మెల్లిగా తట్టు. అది ముడుసుకునే ఉండాల. నీ పని అదే, ఇంకేటీ సెయ్యకు."

చేయి చాపి వేశాను. పొలుసులు చల్లగా, గోరులా గట్టిగా ఉన్నాయి. వాటి కింద ఏదో పెద్దగా, మెల్లగా ఊపిరి తీసుకుంటోంది. నా అరచేయి దాంతో పాటు లేస్తూ దిగుతోంది.

"ఇప్పుడు నాను అరుత్తాను. ఉలిక్కిపడకు," అని చెప్పి, ఆమె తల వెనక్కి తిప్పి కేకపెట్టింది. కొత్త కోడలు, మావగారి ఎదుట నోరు విప్పని మనిషి, తోట తోటంతా దద్దరిల్లేలా అరిచింది. అక్కడికి కాస్త దూరంలో తాడిచెట్టు మీద కల్లు గీసే మావ ఉన్నాడు. చెట్టు మీది నుంచే సంగతి కనుక్కుని, దిగి, బెస్తల పల్లె వైపు పరుగుతీశాడు.

ఆ తరవాత ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. ఎండ మాత్రం నూతి గోడ మీద మెల్లగా దిగుతోంది. ఎండ తగిలిన చోటల్లా తడి ఆరి, ఇసుక రంగు మారి, పిండి రాలినట్టు రాలుతోంది. ఆ గీత ఎంత కిందికి దిగిందో చూడకుండా ఉండలేకపోయాను. చూసినప్పుడల్లా ఏడుపు వచ్చేది. సరిగ్గా అప్పుడే అలుగు ఒళ్ళు సడలేది. ముడత సందులోంచి సన్నటి ముక్కు, నీరుగారే చిన్న కన్ను కనిపించేవి. ఒకసారి వానపాములాంటి పొడుగాటి నాలుక బయటికి వచ్చి, నా చేతి మీద పాకుతున్న చీమను అంటించుకుని లోపలికి పోయింది. నేను ఏడుపు మరిచిపోయి చూస్తుండిపోయాను. అంతలో అది గోళ్ళు చాపింది. తట్టాను. ముడుచుకుంది.

పైనుంచి పిన్ని నన్నేమీ అడగటం లేదు. ఎలా ఉన్నావు, నొప్పిగా ఉందా, ఏదీ లేదు. అడిగిందల్లా దాని గురించే. ముడుచుకుందా? ఎటు తిరిగింది? కడుపు కనపడుతోందా? కడుపు మీద పొలుసులు ఉన్నాయా లేవా, చూసి చెప్పు. లేవని చెప్పాను, వట్టి చర్మం, దాని మీద కాసిని వెంట్రుకలు. అందుకే ముడుచుకుంటుంది అంది పిన్ని.

బెస్తలు వచ్చారు. తెప్పల దుంగలు విప్పి భుజాన మోసుకొచ్చారు, తాళ్ళు, తాటాకు తడికలు తెచ్చారు. మా తాతయ్య, అమ్మ, ఊరంతా వెనకే వచ్చింది. అమ్మ ఏడుస్తూ గొయ్యి మీదికి రాబోతుంటే ఎవరో ఆపిన చప్పుడు వినిపించింది. బెస్తల్లో ఒక ముసలాయన అందరినీ దూరం జరగమని అదిలించాడు. దుంగలు గొయ్యికి అడ్డంగా వేయించాడు. మొదటి తడికను గోడ వారగా దింపుతుండగా దానికి ఎదురు గోడ కూలింది.

చప్పుడు కూడా పెద్దగా లేదు. బియ్యపు బస్తా విప్పినట్టు సర్రుమంది, అంతే. ఇసుక రొమ్ము దాకా వచ్చింది. ఎడమ చేయి లోపల ఇరుక్కుపోయింది. నోట్లోకి, కళ్ళలోకి ఇసుక వెళ్ళింది. పైన అందరూ ఒక్కసారిగా అరిచారు. నేనూ అరిచాను. అరిస్తే ఊపిరి పోయింది గానీ తిరిగి రాలేదు. చచ్చిపోతున్నానని అర్థమైంది. ఆ వయసులో ఆ మాటకు అర్థం తెలియదంటారు. నాకు తెలిసింది.

ఆ గోలలో పిన్ని గొంతు మామూలుగా, వంటింట్లో ఉప్పు అడిగినంత మామూలుగా వినిపించింది.

"అలుగు ఏటి సేత్తంది?"

కళ్ళు నులుముకుని చూశాను. అదీ సగం కూరుకుపోయి ఉంది. వీపు మాత్రం పైకి తేలి కనిపిస్తోంది.

"ముడుసుకునే ఉంది," అన్నాను.

"నీ సెయ్యి దాని మీద ఉందా?"

లేదు. కుడిచేయి చాపి వేశాను. దాని ఊపిరి తెలిసింది. దాంతో పాటే నాకూ కొంచెం ఊపిరి ఆడింది. పెద్దది కాదు, చిన్నది. ఆ తరవాత ఇంకొకటి.

తడికలు నాలుగు వైపులా దింపాక, నడుముకు తాడు కట్టుకుని సన్నగా ఉన్న ఒకతను దిగాడు. అడుగు నేలను తాకకుండా తాడుకు వేలాడుతూనే, కొబ్బరి చిప్పతో నా చుట్టూ ఇసుక తోడి బుట్టలో పోశాడు. బుట్ట పైకి పోయేది, ఖాళీగా వచ్చేది. ఎండ నెత్తి మీదికి వచ్చి, పడమరకు వాలాక గానీ నా మోకాళ్ళు బయటపడలేదు. చంకల కింద తాడు వేసి లాగబోతుంటే, అలుగును వదిలి రానని మొండికేశాను. అతను తిట్టుకుంటూ దాన్ని బుట్టలో పెట్టి ముందు పైకి పంపాడు.

పైకి వచ్చాక అమ్మ నన్ను ఒళ్ళో వేసుకుని ఏడ్చింది. కాళ్ళు నీలంగా మారి, సూదులు గుచ్చినట్టు ఉన్నాయి. అందరూ నా చుట్టూ ఉన్నారు. పిన్ని లేదు. అమ్మ భుజం మీదుగా చూస్తే, అవతల కొబ్బరి డొక్కల పోగు వెనక ఆమె ఒంటరిగా కూర్చుని ఉంది. మోచేతులు రెండూ తోలు లేచి రక్తం కారుతున్నాయి. పళ్ళు టకటకమని కొట్టుకుంటున్నాయి. దవడను రెండు చేతులతో పట్టుకుని ఆపుకోవాలని చూస్తోంది. అంత ఎండలో ఆమె ఒళ్ళంతా చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతోంది.

బుట్టలో అలుగును చూసి ముసలాయన ముఖం వికసించింది. దాని పొలుసు తాయెత్తు కడితే పిల్లలకు గాలి సోకదని, మాంసం నొప్పులకు మందని అన్నాడు. పూటంతా కష్టపడ్డవాళ్ళు, అడగడంలో తప్పేం లేదు. మా తాతయ్య సరేనని తలూపబోయాడు. పిన్ని ఎప్పుడు లేచి వచ్చిందో, బుట్టకు అడ్డంగా నిలబడింది.

"పెద్దయ్యా, మీరు దేవుల్లా వచ్చేరు. మీ రుణం తీరేది కాదు. కానీ ఇంతసేపూ నూతిలో మా గుంటపిల్లకి తోడున్నది ఇదే. తోడున్నోల్ని కోసుకుంటామేటి?"

ముసలాయన బుట్ట వైపు చూశాడు, నా వైపు చూశాడు. బుట్టకు కట్టిన తాడు తనే విప్పాడు. "తీసుకుపో తల్లీ," అన్నాడు.

మర్నాడు నాకు నడక రాగానే ఇద్దరం కలిసి మొగలి పొదల అవతల చెదపుట్టల దగ్గరికి దాన్ని మోసుకెళ్ళాం. బుట్ట వంచితే ఉండలా దొర్లి ఆగింది. విప్పుకుంటుందని ఎదురుచూశాను. మనం ఇక్కడున్నంతసేపూ అది విప్పుకోదు, పోదాం పద అంది పిన్ని. అది నడిచి వెళ్ళడం చూడాలని నాకెంతో ఆశగా ఉండింది. చూడకుండానే వచ్చేశాను.

దారిలో అడిగాను. నేను తట్టకపోతే నిజంగా అది తవ్వి గోడ కూల్చేదా?

పిన్ని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. "ఏమో, నాకేటి తెలుసు? నూతిలో అలుగుని నాను మాత్రం ఎప్పుడు సూసినాను? ఊరికే ఉండమంటే నీ సేతులు ఊరుకుంటాయేటి? ఇసక తోడుకుని సచ్చిపోదువు. అందుకే వాటికి ఏదో పని సెప్పేను."

మోసం చేసిందని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోనాడు నేనే వెళ్ళి ఆమె మోచేతులకు పసుపు రాశాను. కొండ పిన్ని అన్న మాట మళ్ళీ నా నోట రాలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఉప్పెన వచ్చి ఇంటి కప్పు లేచిపోతున్నప్పుడు, నా పిల్లల చేతికి దూడ పలుపు ఇచ్చి దాన్ని నిమురుతూ ఉండమన్నాను. నా కోడలు పురిటి నొప్పుల్లో అరుస్తుంటే, నా గాజులు ఒక్కొక్కటే తీయమని చేతులిచ్చాను. పిన్ని పోయే ముందు కూడా అంతే. మంచాన పడి, ఆఖరి రోజున, ఆ కళ్ళలో ఎన్నడూ చూడని భయం చూశాను. పక్కన ఉన్నవాళ్ళు ధైర్యం చెబుతున్నారు. ఆమె చేతులు దుప్పటిని పీకుతున్నాయి. నేను జుట్టు విప్పి, మంచం పక్కన నేల మీద కూర్చుని, జడ వెయ్యి పిన్నీ అన్నాను. ఆ వేళ్ళు నా జుట్టులోకి వచ్చాయి. మూడు పాయలు తీశాయి. నాలుగు మలుపులు అల్లాయి. అయిదో మలుపు దగ్గర ఆగాయి. నేను చాలాసేపు తల తిప్పలేదు.

భయపడకు అన్న మాట మాత్రం నేను ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు.