మూడో గేరుకు కాపలా

మా పాత జీపులో మూడో గేరు వేస్తే దానంతటదే జారిపోయేది. అందుకే ముందు సీట్లో ఎవరు కూర్చున్నా గేరు రాడ్‌ను గట్టిగా పట్టుకోవడం మా ఇంటి ఆచారం. పాత ఇనుముకు వేసేస్తానన్న నాయనను ఒప్పించి, నంద్యాలలో గేరుబాక్సు విప్పించి అరిగిన పళ్లచక్రాలు మార్పించాను. మళ్లీ జారితే అమ్మేయడమే అన్నాడు నాయన.

ఈరోజు ఆళ్లగడ్డకు తిరిగొస్తూ ఆయన మూడో గేరు వేయగానే, అలవాటుగా నా చెయ్యి రాడ్ మీదకు పోయింది.

"ఇంగ జారదు నాయనా, పూచీ నాది" అన్నాను.

"అంత ధీమా ఉంటే ఇంగా పట్టుకోనుండావేందీ? చెయ్యి తియ్!"

తీసేశాను. గేరు కొంచెం కూడా కదల్లేదు. జీపు మాకు దక్కింది.

ఊరు చేరేదాకా నాయన ఎడమచెయ్యి మాత్రం రాడ్ మీదే ఉంది! బాగుచేయించినా మీ ఇంట్లోవాళ్లు నమ్మని వస్తువేదైనా ఉందా?