మా క్వార్టర్లో సముద్రం

ఉద్యోగం కొత్త, పెళ్ళి కొత్త, బుద్ధి మాత్రం ఇంకా రావలసి ఉన్న కాలం అది. గోదావరిఖనిలో కిటికీ తీస్తే బొగ్గు దుమ్ము, మూస్తే ఉక్కపోత. అలాంటి చోట కంపెనీ క్వార్టర్ ముందుగదిలో నేను సముద్రం పెట్టాను. (నవ్వకండి, అప్పుడు నేను నవ్వలేదు.) ఒక గాజుతొట్టి, కొలిచి కలిపిన ఉప్పునీళ్ళు, బతికున్న పగడాలు, నారింజరంగు మీద తెల్లచారల చేపలు రెండు. అంతా ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న విద్యే. జీతం అందులోనే పోశాను, ఆదివారాలూ అందులోనే పోశాను. పగడం గోరంత పెరిగితే చుట్టాలందరికీ ఫోటోలు పంపేవాణ్ణి. వాళ్ళు పాపం "కంగ్రాట్స్" అనేవారు, దేనికనుకున్నారో మరి.

అంతలో మా ఆవిడ సముద్రం చూడాలంది. నిజమైన సముద్రం. కమాన్‌పూర్ పిల్ల, గోదావరిని మించిన నీళ్ళెరగదు. కంపెనీ ఇచ్చే ఎల్‌టీసీ సెలవు ఉంది కదా, విశాఖలో పదిరోజులుందామంది. తొట్టిని వదిలి పదిరోజులా? ఇక దీపాలకు టైమర్, కరెంటు పోతే ఇన్వర్టర్, ఆవిరైనంత మంచినీళ్ళు దానంతటదే పోసుకునే చిన్న మోటారు, ఎక్కడున్నా చూసుకోవడానికి కెమెరా బిగించాను. ఆవిడ చీరలు సర్దుతుంటే నేను వైర్లు సర్దాను. "మనం పోతున్నమా, చేపలు పోతున్నయా?" అంది. నేను ఇన్వర్టర్ వైరు ఇంకోసారి లాగి చూసుకున్నాను.

మిగిలింది మేత. దాన్ని పక్క క్వార్టర్లో కొడుకు దగ్గరుండే పంపు కాకకు తాళంచెవితో సహా అప్పజెప్పాను. బాయిలో (మేం గనిని అలాగే అంటాం) పంపులు నడిపి రిటైరైన మనిషి.

"కాకా, రోజుకొక్కసారి, చిటికెడే. ఎక్కువైతే నీళ్ళు మురిగి అన్నీ సస్తయి."

"ఫికర్ జెయ్యకు బిడ్డా. ఉద్యోగమంత నీళ్ళతోనే గడిపిన. నీ చేపలు నా పానం అనుకో."

రైల్లో సిగ్నల్ అందక కెమెరా తెరుచుకోలేదు. విశాఖ చేరాం. గదిలో సామాను పడేసి, సాయంత్రం ఇసుకలోకి దిగగానే నేను ఫోన్లో కెమెరా తెరిచాను. తొట్టి ముందు కుర్చీ, కుర్చీలో నేనెన్నడూ చూడని మనిషి. వెంటనే కాకకు ఫోన్ చేశాను.

"ఆయన రెండో షిఫ్టు బిడ్డా. మొదటిది నేను. ఒక్కనితోని యాడైతది? నైట్ షిఫ్టుకు ఇంకొకాయనను పెట్టిన. రిలీవర్ రాంది ఎవ్వలం కుర్చీల కెళ్ళి లేస్తలేం."

"మరి మేత?"

"నువ్వు చెప్పినట్టే. ఒక్కసారే ఏస్తున్నం, షిఫ్టుకొక్కసారి."

"షిఫ్టుకా? నేను రోజుకని చెప్పిన గదా!"

"ఏయకుంటే డ్యూటీ చేసినట్టెట్లయితది? నీ డబ్బా నిన్ననే ఒడిసింది. నైట్ షిఫ్టాయన ఇంట్లకెళ్ళి ఉడకబెట్టిన గుడ్డు తెచ్చేసిండు."

"నీళ్ళెట్లున్నయి కాకా?"

"మంచిగున్నయి. పాల లెక్క తెల్లగ."

పంపుల చక్రాలు తిప్పిన ఆ చేతుల్లో చిటికెడంటే ఎంతో నేనసలు ఆలోచించనేలేదు. కెమెరాలో తెల్లటి మసక, అందులో రెండు చేపలూ పక్కకు ఒరిగి తేలుతున్నాయి. పగడాలు ఇక కనబడలేదు. ఇప్పుడే బండెక్కుతానన్నాను, ఎక్కి చేసేదేమీ లేదని తెలిసీ. ఇసుకలో కూలబడి, పెళ్ళయిన మగవాణ్ణన్న సిగ్గైనా లేకుండా ఏడ్చాను. పల్లీలమ్మే ఆయన నా వైపు రాబోయి పక్కకు తప్పుకున్నాడు.

మా ఆవిడ మోకాళ్ళదాకా తడిసి వచ్చింది. ఫోన్ చూసింది, నన్ను చూసింది. ఫోన్ తన సంచిలో వేసుకుని నా చెయ్యి పట్టి లేపింది.

"పెండ్లయినకాన్నుంచి సముద్రం సముద్రమని నా పానం తీసినవ్. నువ్వు గూడ ఇదే మొదటిసారి గదా చూసుడు? లే, ఒక్కసారి అటు చూడు."

చూశాను. ఇరవై ఆరేళ్ళవాణ్ణి, ముక్కు తుడుచుకుంటూ, నోరు తెరిచి, అంత నీళ్ళని చూశాను.