రోవెనా వదులుకున్న వంతు

ఏటా మార్చిలో ఊరంతా చేరి ఓటేసే సభలో రోవెనా థిబోకు ఓటు ఉండీ లేనట్టే. బడి జిమ్‌లో కట్టిన తాడుకు లోపల కూర్చుని పచ్చ చీటీ ఎత్తితేనే ఓటు లెక్క. ఊరి టీవీ చానెల్‌కు ఆమె పట్టే కెమెరా స్థానం తాడు బయట. వంతెన మరమ్మతు మొదలు మంచు తీసే బండి దాకా ఊరంతా తీర్మానాలు చేసుకుంటుంటే, ఆమె చీటీ జేబులోనే నలిగేది.

"నీ చేతులు రెండూ కెమెరాకిచ్చేశావు, ఇంకేం ఎత్తుతావు తల్లీ?" అని సభ నడిపే ఆల్డెన్ మైకులో వేళాకోళమాడితే అందరూ నవ్వేవారు. ఆమే ముందు నవ్వేది. తాడు కాస్త జరపమని ఒక్క ఏడాది కూడా అడగలేదు.

అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో వాళ్ల ఊరు ఈస్ట్ హార్లో. వీధుల వెంట తీగలు లాగినందుకు కేబుల్ కంపెనీ ఇచ్చే వాటాతో ఊరి చానెల్ నడిచేది. జనం కేబుల్ పీకేసి ఇంటర్నెట్‌లో సినిమాలు చూడడం మొదలెట్టాక ఆ వాటా ఎండిపోసాగింది. అవే వీధులు వాడుకుంటున్న ఇంటర్నెట్ వినోద కంపెనీలూ వాటా ఇవ్వాలని రాష్ట్ర రాజధానిలో ఒక బిల్లు పెట్టారు. దాన్ని పరిశీలించే శాసనసభ కమిటీ ముందు మాట్లాడడానికి రోవెనా పేరు ఇచ్చింది.

బయల్దేరే ముందు మెర్ల్ గోకీని చూడబోయింది. ఒకప్పటి పాడిరైతు. కాళ్లు పడిపోయాక గడప దాటలేదు. ఊరి పాలన చూసే బోర్డు సమావేశాలన్నీ ఆ చానెల్‌లో చూసి, తేడా వస్తే సభ్యులకు ఫోన్ చేసి దులిపేస్తాడు.

"నా సంగతి చెప్పవే. ఈ చానెల్ ఆగితే ఈ ఊళ్లో నేనున్నట్టు నాకే తెలీదని చెప్పు."

"చెప్తాలే ముసలాయనా, తిట్లు తీసేసి."

"తీస్తే ఇంకేం మిగుల్తుంది?"

ఊరివాళ్లు చూడాలి కదా అని కెమెరా కూడా మోసుకెళ్లింది. కమిటీ అధ్యక్షురాలు ఆమె పేరు పిలిచింది. తాను తీస్తున్న దృశ్యంలోకి తానే నడిచిపోవడం కెమెరా పట్టేవాళ్లకు పెద్ద అపచారం. రోవెనా కెమెరా వెనకే ఉండిపోయింది. మిగతావాళ్లు చెప్తార్లే అనుకుని, తనను వదిలి తర్వాతివాళ్లను పిలవమన్నట్టు చెయ్యి ఊపేసింది.

మిగతావాళ్లు చట్టం గురించి చెప్పారు, పన్నుల గురించి చెప్పారు. మనిషి గురించి ఎవరూ చెప్పలేదు.

"ఇది పోతే ఫలానా మనిషికి కష్టమని ఒక్కరైనా అన్నారా? నాకైతే వినబడలేదు" అంది అధ్యక్షురాలు కళ్లద్దాలు తీస్తూ. ఆ ఏటికి బిల్లును పక్కన పెట్టేశారు. ఆ మాటను రోవెనా కెమెరా స్పష్టంగా పట్టింది.

అది ప్రసారమైన మర్నాడు మెర్ల్ ఫోన్ చేశాడు.

"బాగా తీశావు. ఒక్క మాట పోలేదు."

"మెర్ల్, నేనూ..."

"నా పేరు వస్తుందేమోనని కాఫీ చల్లారినా టీవీ మీంచి కళ్లు తిప్పలేదే."

తిట్టి ఉంటే ఆమెకు తేలికయ్యేది. ఆయన తిట్టలేదు.

ఆకులు రాలే వేళకు, డబ్బు చాలక, బోర్డు సమావేశాల ప్రసారం ఆగిపోయింది. మెర్ల్ ఉండే వీధిలో మంచు ఆఖరున తీయాలని బోర్డు తీర్మానించింది. ఆ సంగతి ఆయనకు తొలి మంచు కురిసి, తలుపు తెరుచుకోనప్పుడు తెలిసింది. ఆ తీర్మానానికి ఎవరు చెయ్యెత్తారో చూడలేదు గనక, ఎవరికి ఫోన్ చేసి దులపాలో ఆయనకు అప్పుడు తోచలేదు.

ఆ బిల్లు మళ్లీ వస్తోంది. ఈసారి రోవెనా కెమెరా ఇంటిదగ్గర వదిలి వెళ్తానంటోంది. ఆమె ఒక్కతే వెళ్తే చాలదు. మీ ఊరికీ ఇలాంటి చానెల్ ఉంటే, అది ఎవరి వాటాతో బతుకుతోందో కనుక్కోండి. మీ ప్రతినిధికి ఈ వారమే ఫోన్ చేయండి. మీ వీధిలో గడప దాటలేని మనిషి ఎవరో, పేరు పెట్టి చెప్పండి.