పెద్దమ్మతో మెల్‌బోర్న్ దాకా

మొన్న గురువారం పొద్దున మా పెద్దమ్మ పోయింది. మట్టెవాడ నుంచి ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేసి "అమ్మ లేస్తలేదు, జర రా" అన్నాడు. హన్మకొండ నుంచి నేను వెళ్లేసరికి తల దగ్గర దీపం పెట్టారు.

మా అమ్మ ఉద్యోగానికి పోతే నన్ను సాకింది మా నాన్నకు వదినైన ఈ పెద్దమ్మే. మధ్యాహ్నాలు గాజుల దుకాణంలో పక్కన కూచోబెట్టుకుని, జత తప్పిన గాజులన్నీ నా చేతులకు తొడిగేది. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా, చేరినట్టు కబురు వచ్చేదాకా చీపురు ముట్టేది కాదు. దగ్గర్లోని నెక్కొండకు పోయినా అంతే. "మనిషి తొవ్వల ఉన్నప్పుడు ఇల్లు ఊడ్వొద్దు బిడ్డా" అనేది. మేము నవ్వేవాళ్లం.

రెండేళ్ల కిందట, మెల్‌బోర్న్‌లో కూతురి దగ్గరున్న మా చిన్నమ్మ, పెద్దమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు, దవాఖానలో పడింది. వేసవిలో చూసి వద్దామని తీసుకున్న వీసాలు అప్పటికే చేతిలో ఉన్నాయి. పెద్దమ్మకు తోడు నేను బయల్దేరాను.

శంషాబాద్ పోయే కారులో అడిగింది. "ఎంత దూరం బిడ్డా?"

"తొమ్మిది వేల కిలోమీటర్లు దాటుతది పెద్దమ్మా. సింగపూర్ల దిగి ఇంకో విమానం ఎక్కాలె. అంతా కలిపి పదహారు గంటలు."

"విమానంల ఫోన్ రాదా?"

"రాదు."

"అంటే గంతసేపు మనకేం తెల్వది."

సింగపూర్‌లో దిగగానే చిన్నమ్మ కూతురికి ఫోన్ చేశాను. "అమ్మ కండ్లు తెరుస్తలేదక్కా, జల్ది రండి" అంది. జల్ది పోవడం మా చేతిలో లేదు. ఇంకా ఏడున్నర గంటల ప్రయాణం ఉంది.

రెండో విమానంలో పెద్దమ్మ ఏమీ తినలేదు. ముందు సీటు తెర మీద మా విమానం బొమ్మ సముద్రం నీలంలో కదలనట్టే కదులుతోంది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి కిటికీలోంచి నేల కనబడింది. ఎర్రగా, ఎండిపోయి, ఎంతసేపు పోయినా ఒక్క ఊరు లేదు.

"మనుషులు లేరా ఈడ?"

"ఎడారి పెద్దమ్మా."

"సూస్తె భయమైతాంది" అని కిటికీ తెర కిందికి లాగింది. మా విమానం ఆ నేల మీదుగా పోతున్నప్పుడే చిన్నమ్మ ప్రాణం పోయింది. ఆ సంగతి మాకు బయటికొచ్చాక తెలిసింది.

మెల్‌బోర్న్‌లో చక్రాలు నేలను తాకగానే నేను ఫోన్ తీశాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"జర ఆగు బిడ్డా. మొదలు బ్యాగులు తీస్కుందాం."

"పెద్దమ్మా, వాళ్లు ఎదురుచూస్తుంటరు."

"సూడనియ్యి. ఆ ఫోన్ తెరిసేదాక నా చెల్లె ఉంటది."

ఎన్నో ఏళ్లు నన్ను కనిపెట్టుకుని ఉన్న మనిషి నన్ను అడిగింది ఆ కాసేపే. ఫోన్ ఆమె చేతికే ఇచ్చేశాను.

సామాన్ల బెల్టు దగ్గర బెంచీ మీద కూర్చుంది. ఫోన్ ఒళ్లో బోర్లించి రెండు అరచేతులూ దాని మీద పెట్టుకుంది. ఎవరెవరివో పెట్టెలు వస్తున్నాయి, పోతున్నాయి. చివరికి ఎర్ర రిబ్బన్ కట్టిన మా పెట్టె వచ్చింది. నేను లేవబోయాను.

"ఇంకొక్క సుట్టు తిరగనియ్యి" అంది పెద్దమ్మ.

పెట్టె మా ముందు నుంచే మెల్లగా సాగి, అవతలి రబ్బరు పరదాల వెనక్కి పోయింది.