ఇంకుడు గుంతకు ట్యాంకరు నీళ్లు

కడపలో మా అపార్ట్‌మెంటుకు నాలుగైదు రోజులుగా నీళ్లు లేవు. ఈ ఉదయం ట్యాంకరు వచ్చిందంటే అందరం బిందెలతో కిందికి పరుగెత్తాం. తీరా చూస్తే, డ్రైవరు పైపును సంపులో కాకుండా కొత్తగా తవ్విన ఇంకుడు గుంతలో పెట్టాడు! వాన నీళ్లు ఇంకాల్సిన గుంత అది. పర్యావరణ పోటీ కోసం మా అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటు తవ్వించాడు. న్యాయనిర్ణేతలు వచ్చే వేళయిందట.

నాకు ఒళ్లు మండింది. "ఏమప్పా ప్రెసిడెంటూ, మేం తాగాల్సిన నీళ్లు మట్టిలో పోస్తాండారే?" అని నిలదీశాను.

"వాన యాడుండాదప్పా? గుంత ఎండిపోయి ఉంటే, అది పనిచేస్తాదని వాళ్లకెట్ల తెలుస్తాది?" అన్నాడు.

"దానికి దప్పి తీరినాక మాకిన్ని పోయించన్నా," అంది మూడో అంతస్తు షాహీన్, ఖాళీ బిందె చూపిస్తూ.

న్యాయనిర్ణేతలు వచ్చారు. నీళ్లు ఇంకుతుంటే చప్పట్లు కొట్టారు, ఫోటోలు దిగారు. పర్యావరణమంటే మనవాళ్లకు ఫోటో కోసం పూసుకునే పౌడరే!

మొదటి బహుమతి మాకే వచ్చింది. ఇంటికో మొక్క ఇచ్చి, రోజూ తప్పకుండా నీళ్లు పోయమన్నారు. దేనితో పోయాలో కాస్త మీరైనా చెప్పండి.